సోమవారం గీతలు: మంచం పక్కన స్కానింగ్ నేర్చుకున్న నా అనుభవం

ఆ రాత్రి అతన్ని తీసుకొచ్చేసరికి రెండున్నర దాటింది. 108 వాళ్లు స్ట్రెచర్ మీద పడుకోబెట్టబోతే ఒప్పుకోలేదట. మోకాళ్ల మీద చేతులు ఆనించి, ముందుకు వంగి, కూర్చునే వచ్చాడు. "పడుకుంటే ఊపిరాడ్నేదు డాక్టరమ్మా... కూకుంటేనే... కాసింత" అన్నాడు, మాటకో ఊపిరి తీసుకుంటూ. యాభై దాటిన మనిషి. ఉద్దానంలో జీడితోట ఉంది. కిడ్నీలు పాడై మూడేళ్లుగా మా ఆస్పత్రిలోనే వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకుంటున్నాడు. శుక్రవారం ఒకటి అయింది. తరవాతది సోమవారం పొద్దున్న. ఇది ఆదివారం రాత్రి.

ఇప్పుడు రాస్తుంటే జవాబు ఎదురుగానే కనబడుతోంది. అప్పుడు నాకు కనబడలేదు. స్టెతస్కోపు పెడితే రెండు వైపులా పిల్లికూతలు. చుట్ట కాలుస్తాడని భార్య చెప్పింది. చలికాలం. ఆస్తమా అనుకున్నాను. నెబ్యులైజర్ పెట్టించాను, స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చాను, ఇరవై నిమిషాలు చూసి మళ్లీ నెబ్యులైజర్ పెట్టించాను. ఆక్సిజన్ ఎంత పెంచినా శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 84 దగ్గరే ఉండిపోయింది. ఎక్స్‌రే తీసే అతను పొద్దున్న ఎనిమిదికి గాని రాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరినా పిల్లికూతలు వస్తాయనీ, దాన్ని కార్డియాక్ ఆస్తమా అంటారనీ ఎండీ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే నేను. ఎదురుగా మనిషి రొప్పుతుంటే ఆ పేజీ గుర్తుకు రాలేదు.

మా సీనియర్ సార్ ఉండేది ఆస్పత్రి వెనక క్వార్టర్స్‌లో. ఫోన్ చేసిన ఐదు నిమిషాల్లో లుంగీ మీద చొక్కా తొడుక్కుని వచ్చేశారు. ఐసీయూ మూలన ఉన్న స్కానింగ్ మిషన్‌ని తానే తోసుకొచ్చి, జెల్ అరచేతిలో వేసుకుని కాస్త వెచ్చబరిచి, ఒంటికి ఆనించి చూసే ప్రోబ్‌ని ఎడమ వైపు పక్కటెముకల మధ్య నిలబెట్టారు. తెర మీద పైనుంచి కిందికి తెల్లటి చారలు, మంచులో టార్చిలైటు వేసినట్టు. కుడి వైపు పెట్టారు, అవే. పైన, కింద, చంక పక్కన, ఎక్కడ పెట్టినా అవే. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. "ఆస్తమా కాదమ్మా, ఇదంతా నీరే. డయాలసిస్ టెక్నీషియన్‌ని లేపించు" అన్నారు.

బీపీ 210/120 ఉంది. బీపీ దించడానికి నైట్రోగ్లిజరిన్ డ్రిప్ మొదలుపెట్టి, ఒత్తిడితో గాలి పంపే బైపాప్ మాస్క్ బిగించాం. నాలుగింటికల్లా డయాలసిస్ నడుస్తోంది. మూడు లీటర్ల నీరు బయటికొచ్చాక, ఏడు దాటిన తరవాత, అతను వెల్లకిలా పడుకుని నిద్రపోయాడు. భార్య కుర్చీలో కూర్చుని అతని పాదాలు పట్టుకుని అలాగే ఉంది. సార్ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నెబ్యులైజర్ పొగలో పోయిన ఆ నలభై నిమిషాల్ని మాత్రం నేను మరిచిపోలేకపోయాను. వారం తిరక్కుండా వెళ్లి అడిగాను: "సార్, నాకు అది నేర్పిస్తారా?"

నేర్పిస్తానన్నారు. కానీ ముందు కాగితాలన్నారు.

బయటివాళ్లకు ఇది వింతగా ఉండొచ్చు. ఊపిరితిత్తులు చూసే మిషన్‌కీ గర్భంలోని ఆడపిల్లకీ సంబంధమేమిటని మా తమ్ముడే అడిగాడు. మిషన్ ఒక్కటే కదా. ఛాతీ మీద పెట్టే ప్రోబే పొట్ట మీదా పెట్టొచ్చు. అందుకే 1994లో వచ్చి, 2003లో సవరించిన లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద ప్రతి స్కానింగ్ మిషన్‌ని రిజిస్టర్ చేయించాలి. ఎవరు వాడాలో, వాళ్ల అర్హత ఏమిటో, శిక్షణ ఏమిటో అందులో ఉండాలి. చేత్తో మోసుకుపోగలిగే మిషన్ల మీద 2012లో నిబంధనలు ఇంకా బిగించారు. రిజిస్టరైన ఆవరణ దాటి ఇష్టమొచ్చిన చోటికి పట్టుకుపోవడానికి లేదు. గర్భిణికి చేస్తే ఎందుకు చేశామో రాసే ఫారం ఎఫ్ నింపాలి. తప్పు చేస్తే మొదటిసారికే మూడేళ్ల దాకా జైలు. "ఇక్కడ లింగ నిర్ధారణ చేయబడదు" అన్న బోర్డు ప్రతి స్కానింగ్ గది ముందూ చూస్తాం గాని, ఆ బోర్డు వెనక ఇంత ఉందని నాకూ అప్పటిదాకా తెలియదు.

మా వాళ్లలో చాలామంది ఈ చట్టాన్ని విసుక్కుంటారు. నేను విసుక్కోలేను. మా అమ్మమ్మ ఊళ్లో మూడో కాన్పుకి ముందు పట్నం వెళ్లి వచ్చిన ఆడవాళ్ల గురించి గుసగుసలు విని పెరిగాను. ఆ కాగితాలు కొంతమందినైనా పుట్టనిచ్చాయి. మా మిషన్ రిజిస్ట్రేషన్‌లో నా పేరు చేరడానికి ఐదు నెలలు పట్టింది. ఆ ఐదు నెలలూ నేను ప్రోబ్ పట్టలేదు. వారంలో నాలుగు రోజులు వచ్చే రేడియాలజిస్టు మేడమ్ పక్కన స్టూలు వేసుకుని కూర్చుని చూశాను. నిజానికి అదే మేలైంది. చూడటం చెయ్యి కన్నా ముందే అలవాటైంది.

అల్ట్రాసౌండ్ అంటే మన చెవికి అందని శబ్దం. మనిషి చెవి సెకనుకు 20 వేల కంపనాల దాకా వినగలదు. స్కానింగ్ ప్రోబ్ పంపే శబ్దానికి సెకనుకు 20 లక్షల నుంచి కోటిన్నర దాకా కంపనాలుంటాయి. అది ఒంట్లోకి సెకనుకు దాదాపు 1,540 మీటర్ల వేగంతో వెళ్లి, తగిలిన చోటల్లా కొంత వెనక్కి తిరిగి వస్తుంది. ఆ వచ్చినదాన్నే మిషన్ బొమ్మగా చేస్తుంది. గ్లాస్గోలో ఇయాన్ డోనాల్డ్ 1958లో 'లాన్సెట్' పత్రికలో కడుపులోని గడ్డల బొమ్మలు అచ్చువేసినప్పటినుంచి కడుపు, గర్భం, గుండె అన్నీ చూశారు. ఊపిరితిత్తుల్ని వదిలేశారు. గాలి తగిలితే శబ్దం దాదాపు మొత్తం వెనక్కి వచ్చేస్తుంది, లోపల ఏముందో కనబడదు. గాలి నిండిన అవయవం స్కానింగ్‌కి పనికిరాదని చాలాకాలం పుస్తకాల్లో రాశారు.

పారిస్ శివార్లలోని ఒక ఐసీయూలో పనిచేసే డానియెల్ లిక్టెన్‌స్టైన్ అనే డాక్టర్ ఆ మాటని మరోలా చదివాడు. గాలి వల్ల బొమ్మ రాకపోతే, తెర మీద వచ్చే ఆ తప్పుడు గీతలు ఎందుకు వస్తున్నాయి? ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తికి ఒక రకం గీతలు, నీరు పట్టిన దానికి మరో రకం గీతలు వస్తే, ఆ తప్పే గుర్తు కదా. ఏళ్ల తరబడి రోగుల మంచాల పక్కన కూర్చుని వాటికి పేర్లు పెట్టుకుంటూ పోయాడు. తీవ్రమైన ఆయాసంతో ఐసీయూలో చేరిన 260 మందిని తన పద్ధతిలో స్కాన్ చేస్తే, 90.5 శాతం మందిలో ఆ జవాబు చివరికి తేలిన జబ్బుతో సరిపోయిందని 2008లో 'చెస్ట్' పత్రికలో ప్రచురించాడు. ఆ వ్యాసం ప్రింటు తీసుకుని నా డ్యూటీ బ్యాగులో పెట్టుకుని తిరిగాను. మడతల దగ్గర చిరిగిపోయి, ఇప్పటికీ ఉంది.

నా పేరు రిజిస్ట్రేషన్‌లో చేరిన రోజు సార్ ఒక లాంగ్ నోట్‌బుక్ చేతిలో పెట్టారు. షరతు ఒక్కటే. ప్రోబ్ పెట్టే ముందు ప్రశ్నని పైకి చెప్పాలి. ఒకే ప్రశ్న. "ఊపిరితిత్తిలో నీరుందా?" "గుండె చుట్టూ నీరుందా?" "ఈ కాలి సిరలో రక్తం గడ్డ కట్టిందా?" చూశాక అవును, కాదు, తెలియడం లేదు, ఈ మూడింటిలో ఒకటి రాయాలి. పక్క గడిలో తరవాత తేలిన నిజం రాయాలి: ఎక్స్‌రేనో, సీటీయో, రేడియాలజిస్టు రిపోర్టో. "మూడో మాట రాయడానికి సిగ్గుపడకు. అది రాయనివాళ్ల దగ్గర నాకు భయం" అన్నారు. ఒక్కో రకం స్కాన్‌కి 25 నుంచి 50 దాకా, పెద్దవాళ్లు సరిచూసినవి చేయాలని అమెరికాలోని ఎమర్జెన్సీ డాక్టర్ల సంఘం చెబుతుంది. నేను 50 అనే లెక్క పెట్టుకున్నాను.

మొదటి పదిహేను ఊపిరితిత్తుల స్కాన్లలో తొమ్మిదింటికి "తెలియడం లేదు" అని రాసి ఉంది. ఇప్పుడు తిరగేస్తే ఎందుకో అర్థమవుతుంది. నాకు పక్కటెముకే దొరికేది కాదు. నిలువుగా పెట్టిన ప్రోబ్ కింద రెండు పక్కటెముకలు, వాటి నీడలు, వాటి మధ్య కాస్త లోపలగా ఒక తెల్లటి మెరిసే గీత. రెక్కలు చాచిన గబ్బిలంలా ఉంటుంది ఆ బొమ్మ. దాన్ని నిలబెట్టగలిగితేనే మిగతాదంతా. ఆ తెల్లటి గీతే ప్లూరా, ఊపిరితిత్తి పైపొర. ఊపిరి పీల్చినప్పుడల్లా అది అటూ ఇటూ జారుతుంది. చూడగా చూడగా అది గీతలా కాకుండా, గోడ మీద చీమల బారు కదిలినట్టు కనబడటం మొదలైంది. ఆ కదలిక ఉన్న చోట ఊపిరితిత్తి ఛాతీ గోడకి ఆనుకునే ఉన్నట్టు. అక్కడ వాటి మధ్య గాలి చేరలేదు.

ఎమ్ మోడ్ అని ఒకటుంది. ఒకే చోట కాలం గడిచే కొద్దీ ఏం కదిలిందో చూపిస్తుంది. మామూలు ఊపిరితిత్తికి తెర పైభాగంలో కదలని కండరం సన్నటి అలల్లా, గీత కింద ఊపిరితిత్తి ఇసకలా గరుగ్గా కనబడతాయి. పుస్తకాల్లో దాని పేరు సముద్ర తీరం. మేడమ్ మొదటిసారి చూపించినప్పుడు నాకు మా బారువ బీచే గుర్తొచ్చింది. ఊపిరితిత్తి జారడం ఆగిపోతే ఆ ఇసక పోయి, అటూ ఇటూ బార్‌కోడ్‌లా అడ్డగీతలే మిగులుతాయి. ఛాతీలో గాలి చేరి ఊపిరితిత్తి ముడుచుకుపోయినవాళ్లలో అలా ఉంటుంది.

ఇక నేను ఆ రాత్రి చూసిన చారలు. వాటిని బీ లైన్లు అంటారు. ప్లూరా గీత దగ్గర పుట్టి, మసకబారకుండా తెర అడుగు దాకా దిగి, ఊపిరితో పాటు ఊగుతాయి. రెండు పక్కటెముకల మధ్య మూడు, అంతకన్నా ఎక్కువ ఉంటే లెక్కలోకి తీసుకోవాలి. మామూలు ఊపిరితిత్తిలో 'ఏ లైన్లు' (ఇంగ్లీషు A), అంటే ప్లూరాకి సమాన దూరంలో పడే అడ్డగీతలు ఉంటాయి. గాలి స్థానంలో నీరు చేరే కొద్దీ అవి చెరిగిపోయి, నిలువు చారలు దిగుతాయి.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇది తెలియక నేను మూడు వారాలు పోగొట్టుకున్నాను. రేడియాలజిస్టు మేడమ్ కడుపు స్కాన్ చేసి వెళ్లాక అదే సెట్టింగులో నేను ఛాతీ చూస్తే చారలు అలుక్కుపోయి కనబడేవి. ఎక్స్‌రేలో స్పష్టంగా నీరున్న మనిషికి నేను "కాదు" అని రాశాను. ఒకసారి కాదు, నాలుగుసార్లు. బొమ్మ అందంగా, నున్నగా రావడానికి మిషన్‌లో కొన్ని ఫిల్టర్లు ఉంటాయి. అవి తప్పుడు గీతల్ని తుడిచేయడానికే పుట్టాయి. మనకి కావలసింది ఆ తప్పుడు గీతలే కదా. మేడమే కనిపెట్టి, ఆ మీటలు ఆపడం చూపించారు. అదే మనిషికి, అదే చోట, ఒక్క మీట నొక్కగానే చారలు బయటపడ్డాయి. నేర్చుకునేవాళ్లెవరైనా ఉంటే మొదటి రోజే తమ మిషన్‌లో లంగ్ ప్రీసెట్, అంటే ఊపిరితిత్తుల కోసం ముందే పెట్టి ఉంచిన సెట్టింగు, ఉందో లేదో వెతుక్కోండి. లేకపోతే ఫిల్టర్లు ఆపడం తెలుసుకోండి.

మిగతావి ఇంత కష్టపెట్టలేదు. డయాలసిస్ కోసం మెడ సిరలో క్యాథెటర్ గొట్టం వేయడం ఒక నెలలోనే చేతికొచ్చింది. ప్రోబ్‌తో మెల్లగా నొక్కితే సిర అణిగిపోతుంది, ధమని అణగదు. సూది మొన లోపలికి వెళ్లడం కళ్లతో చూస్తూ వేయొచ్చు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2002లోనే మెడ సిరకి ఇలాగే వేయమని చెప్పింది. మేము చదువుకునే రోజుల్లో ఎముక గుర్తులు చూసుకుని, ధమనిని వేలితో తడుముకుంటూ గుచ్చేవాళ్లం. అలా ధమనికి తగిలించిన రోజులు నాకు గుర్తున్నాయి. కాలి సిరలో గడ్డ వెతకడం కూడా అదే సూత్రం: నొక్కితే అణగని సిరలో గడ్డ ఉంది.

నోట్‌బుక్‌లో 50 నిండాక "తెలియడం లేదు" గడి దాదాపు ఖాళీ అయింది. సంతోషించాను. అది సంతోషించవలసిన విషయం కాదని తరవాత తెలిసింది.

డెబ్బై ఏళ్ల పెద్దాయన, ఆయనా డయాలసిస్ మనిషే. ఆయాసం. ప్రోబ్ పెట్టాను. రెండు వైపులా పైభాగంలో చారలే చారలు. "అవును" అని రాసి, టెక్నీషియన్‌తో మామూలుకన్నా లీటరు ఎక్కువ తీయమన్నాను. రెండు గంటలు గడవకముందే ఆయన పిక్కలు పట్టేశాయి, చెమటలు, బీపీ 70కి పడిపోయింది. కాళ్లు ఎత్తించి, నీరు తీయడం ఆపేసి, సెలైన్ ఎక్కించాం. కోలుకున్నారు. స్థిమితపడ్డాక కూతుర్ని కూర్చోబెట్టి అడిగితే చెప్పింది: "నాన్నకి కుర్రతనంలో టీబీ వచ్చిందండి, తొమ్మిది నెలలు మందులు వాడారు." ఆ చారలు నీటివి కావు. పాత టీబీ మచ్చలవి. మళ్లీ స్కాన్ చేసి చూస్తే నాకే కనబడింది: ప్లూరా గీత నున్నగా లేదు, గతుకులుగా, అక్కడక్కడ తెగి ఉంది. చారలు అక్కడే గుత్తులుగా ఉన్నాయి, ఊపిరితిత్తి అడుగున లేవు. నీరైతే గీత సన్నగా నున్నగా ఉండేది, చారలు రెండు వైపులా సమానంగా పరుచుకుని ఉండేవి.

మొదటి రాత్రి నేను చూడకుండా తప్పు చేశాను. ఈసారి చూసి, చూసినదాన్ని నమ్మి తప్పు చేశాను. పెద్దాయన దగ్గరికి వెళ్లి, ఎక్కువ నీరు తీయించింది నేనేనని, నా అంచనా తప్పిందని చెప్పాను. కూతురు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత "ఇకమీదట మమ్మల్ని అడగండి డాక్టర్ గారూ, ముందే" అంది. ఆ మాట నోట్‌బుక్ అట్ట లోపల రాసుకున్నాను. ఇప్పుడు ప్రోబ్ తీసే ముందు అడిగే ప్రశ్నల్లో పాత టీబీ మొదటిది. మనవైపు ఇది అడగకుండా ఛాతీ స్కాన్ చేయడం తప్పు.

ఆ తరవాతే పరిశోధనలు కాస్త శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాను, అంతకుముందు నాకు నచ్చినవి మాత్రమే చదివేదాన్ని. బీపీ పడిపోయి ఎమర్జెన్సీకి వచ్చిన 273 మందిని ఉత్తర అమెరికా, దక్షిణాఫ్రికా ఆస్పత్రుల్లో రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి వెంటనే మంచం పక్కన స్కానింగ్, రెండో గుంపుకి మామూలు పరీక్షలు. 2018లో ఫలితాలు వచ్చాయి. బతికి బయటపడ్డవాళ్ల నిష్పత్తిలో తేడా లేదు. చదివిన రోజు మనసు చివుక్కుమంది. నా కళ్ల ముందు ఒక మనిషి ఈ మిషన్ వల్ల నిద్రపోయాడు కదా అనిపించింది. కానీ ఆలోచిస్తే, బొమ్మ ప్రాణం పోయదు. బొమ్మ చూసి మనం చేసే పని పోస్తుంది. ఆ రాత్రి టెక్నీషియన్ నిద్రలేచి రాకపోతే, డయాలసిస్ మిషన్ ఖాళీగా లేకపోతే, ఆ చారలు చూసి ఏం లాభం?

గుండె ఆగినవాళ్ల సంగతి ఇంకా సూటిగా ఉంది. 20 ఆస్పత్రుల్లో 793 మందిని చూసిన అధ్యయనం 2016లో వచ్చింది. స్కాన్‌లో గుండె కాస్తయినా కదులుతున్నవాళ్లే ఎక్కువమంది బతికారు. దాన్ని చదివి, గుండె ఆగినవాళ్లకి ఛాతీ నొక్కే ప్రతి సీపీఆర్‌లోనూ ప్రోబ్ పెట్టాలని ఉత్సాహపడ్డాను. మరుసటి ఏడాది ఇంకో అధ్యయనం వచ్చింది. నాడి చూడటానికి ఛాతీ నొక్కడం ఆపినప్పుడు స్కాన్ కూడా చేస్తే ఆ విరామం సగటున 21 సెకన్లు, చేయకపోతే 13. పది సెకన్లు దాటకూడదన్నది నియమం. మెదడుకి రక్తం అందని ఎనిమిది సెకన్లు మన బొమ్మ కోసం అదనంగా పోతున్నాయన్నమాట. ఇప్పుడు మా దగ్గర ఇలా చేస్తాం: ఛాతీ నొక్కుతుండగానే ప్రోబ్ చోటు చూసి పెట్టుకుంటాను. ఆపగానే సిస్టర్ గట్టిగా ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతుంది. ఎనిమిది అనగానే ప్రోబ్ తీసేస్తాను, ఏమీ కనబడకపోయినా సరే. వీడియో రికార్డు చేసి, మళ్లీ నొక్కడం మొదలయ్యాక తీరిగ్గా చూస్తాను.

మా ఊళ్లకి అన్నిటికన్నా దగ్గరి అధ్యయనం డయాలసిస్ మీద జరిగింది. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఇంతమందికి ఎందుకొస్తోందో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. కవిటి, సోంపేట, పలాస చుట్టుపక్కల మనిషిని పోగొట్టుకోని వీధి తక్కువ. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకి పొడి బరువు అని ఒకటి ఉంటుంది: ఒంట్లో ఎక్కువ నీరు లేనప్పుడు ఉండాల్సిన బరువు. దాన్ని బట్టే ఎంత నీరు తీయాలో లెక్క వేస్తాం. ఆకలి చచ్చి కండ తగ్గినా ఆ అంకె ఫైలులో అలాగే ఉండిపోతుంది, తగ్గిన కండ బరువు చోట నీరు చేరుతుంది, బరువు మాత్రం మారదు. ఆ అంకెని చారలతో సరిచూస్తే ఎలా ఉంటుందని ప్రధానంగా ఐరోపా కేంద్రాల్లో పరీక్షించి 2021లో ప్రచురించారు. ఊపిరితిత్తుల్లో నీరు తగ్గింది. మరణం, గుండెపోటు, గుండె వైఫల్యం కలిపి చూసిన ప్రధాన లెక్కలో మాత్రం గట్టి తేడా రాలేదు. తరవాత విడిగా లెక్క వేస్తే, ఆయాసంతో మళ్లీ మళ్లీ పడిపోవడం తగ్గిందని తేలింది. పరిశోధకులు ఆ లెక్కని జాగ్రత్తగా చూడమంటారు, సరైన మాటే. నాకు ఆ రెండో ముక్క చాలు, ఎందుకంటే అర్ధరాత్రి నేను చూసేది దాన్నే.

అందుకే సార్‌ని ఒప్పించి, సోమవారం పొద్దున్న డయాలసిస్‌కి వచ్చేవాళ్లని సూది గుచ్చకముందు చూడటం మొదలుపెట్టాను. సోమవారమే ఎందుకంటే రెండు రోజుల ఎడం తరవాత వచ్చేది అప్పుడే. అమెరికాలో 32 వేలమంది డయాలసిస్ రోగుల లెక్కలు తీసి 2011లో ప్రచురించిన వ్యాసంలో, ఆ ఎడం మర్నాడే మరణాలు, ఆస్పత్రి పాలవడం ఎక్కువని ఉంది. ఛాతీ ముందూ పక్కలా ఎనిమిది చోట్ల ప్రోబ్ పెట్టి చారలు లెక్కపెడతాను. మనిషికి మూడు నాలుగు నిమిషాలు. ప్రతి మనిషి తరవాత ప్రోబ్ తుడిచి, మందుతో శుభ్రం చేసి, ఆరనిచ్చాకే తరవాతి మనిషి. దీనికి స్కాన్ కన్నా ఎక్కువ సమయం పడుతుంది, తప్పదు.

ఇప్పుడు జేబులో పట్టే ప్రోబ్‌లు వచ్చాయి, ఫోన్‌కే తగిలించుకోవచ్చు. 1880లో క్యూరీ సోదరులు కనిపెట్టిన స్ఫటికాల గుణం మీదే ఇన్నాళ్లూ ప్రోబ్‌లు నడిచాయి. 2017లో అమెరికాలో అనుమతి పొందిన బటర్‌ఫ్లై అనే ప్రోబ్‌లో స్ఫటికాల బదులు ఒకే చిప్ మీద వేల కొద్దీ సూక్ష్మమైన డ్రమ్ములు ఉంటాయి. మొదట్లో దాని ధర 2,000 డాలర్ల లోపే పెట్టారు. ప్రోబ్‌ని ఎటు తిప్పాలో తెర మీద చెప్పే ఏఐ సాఫ్ట్‌వేర్లూ వచ్చాయి. అంతకుముందు స్కానింగ్ తెలియని ఎనిమిదిమంది నర్సులు ఆ సాయంతో 240 మందికి గుండె బొమ్మలు తీశారని 2021లో చదివాను. మా డయాలసిస్ యూనిట్ సిస్టర్‌కి అది చూపించాను. పదిహేనేళ్లుగా ఆ గదిలో ఉంది, మనిషి నడిచి వచ్చే తీరు చూసి ఎంత నీరు పట్టిందో చెబుతుంది. "నాకూ నేర్పండి మేడమ్" అంది. మన చట్టం ప్రకారం ప్రోబ్ ఆమె చేతికి ఇవ్వలేను. తెర చదవడం మాత్రం నేర్పుతున్నాను. నేను చారలు లెక్కపెట్టే లోపే ఆమె అంకె చెప్పేస్తోంది. ఆడపిల్లల కోసం బిగించిన తాళాన్ని వదులు చేయకుండా, ఊపిరితిత్తులు మాత్రమే చూడగలిగే ప్రోబ్‌ని ఆమెలాంటి వాళ్ల చేతిలో పెట్టే దారి ఉండాలని గట్టిగా కోరుకుంటున్నాను.

జీడితోట మనిషి ఇప్పటికీ వస్తున్నాడు. మొదట్లో సోమవారం సోమవారం నాలుగు కిలోలు పెరిగి వచ్చేవాడు. నీళ్లు తగ్గించమని ప్రతివారం చెప్పేదాన్ని, ప్రతివారం తలూపేవాడు. ఒకరోజు తెరని అతని వైపు తిప్పాను. "ఇదిగో నీ ఊపిరితిత్తి. ఈ తెల్ల చారలు చూశావా? శని, ఆదివారాలు నువ్వు తాగిన నీళ్లు" అన్నాను. మెడ సాచి చూశాడు. "అదేటి, కదుల్తంది?" అన్నాడు. ఊపిరి తీసుకోమన్నాను. చారలు ఊగాయి. ఊపిరి బిగపట్టమన్నాను. ఆగాయి. మళ్లీ తీసుకుని, మళ్లీ బిగపట్టి, తనంతట తనే రెండుసార్లు చేసి చూసుకున్నాడు. భార్యని పిలిచి ఆమెకీ చూపించమన్నాడు. ఆమె తెరని కాదు, అతన్ని చూసింది. "సెప్తే ఇన్నావా?" అంది.

ఆ తరవాత సోమవారం రెండున్నర కిలోలే పెరిగాడు. వేసవిలో జీడిపిక్కలు ఎండబెట్టే రోజుల్లో మళ్లీ నాలుగు. ఎండలో దాహానికి ఆగడం ఎంత కష్టమో నాకు తెలియంది కాదు, ఐసు ముక్క చప్పరించమన్నాను, మజ్జిగలో ఉప్పు మానిపించాను. మొన్న సోమవారం వెళ్లేసరికి అతను అప్పటికే మంచం మీద కూర్చుని, చొక్కా గుండీలు విప్పుకుని ఉన్నాడు. జెల్ అరచేతిలో వేసుకుంటుంటే "నేను సెప్తాను డాక్టరమ్మా, సూడకండి ముందు. కుడేపు మూడు, ఎడమేపు రెండు" అన్నాడు. సిస్టర్ నవ్వి బరువు కాగితం చేతిలో పెట్టింది. ప్రోబ్ పెట్టాను. కుడి వైపు అడుగున నాలుగు చారలున్నాయి.